శేషుడు చూపిన ఆసనము

తిరుమల మొదలుకొని అహోబిలము మీదుగా శ్రీశైలము వరకు సాగిన కొండలను ఆదిశేషుని శరీరముగా భావించుట తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న సంప్రదాయము. శేషుని ఫణములపై శ్రీనివాసుడును, నడుమ అహోబల నృసింహుడును, తోకయొద్ద మల్లికార్జునుడును వెలసిరని పెద్దలు చెప్పుదురు. కడపసీమ పల్లెలు పెక్కు ఈ కొండల నీడనే పెరిగినవి. పులివెందుల ప్రాంతమున, వేముల మండలములోని తుమ్మలపల్లె వానిలో నొకటి. యురేనియము గనివలన ఆ పేరు నేడు దేశమంతట వినబడుచున్నది. అయినను ఆ చుట్టుప్రక్కల జీవనము నేటికిని వేరుశనగ, అరటి, చీనీతోటల మీదను, వానిని తడుపు కొద్దిపాటి నీటి మీదను ఆధారపడియున్నది.

2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగా ప్రకటించెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 మే 21 నుండి జూన్ 21 వరకు 'యోగాంధ్ర' యను పేర నెలదినములు యోగాభ్యాసమును గ్రామములకు చేర్చ యత్నించెను. చివరిదినమున విశాఖ సముద్రతీరమున ప్రధానమంత్రి సమక్షమున లక్షలాది జనులు ఆసనములు వేసిరి. ఆ సంరంభము ముగిసినది. కాని పల్లెలలో ఒక ప్రశ్న మాత్రము మిగిలియున్నది. ఎన్నడును యోగము నెరుగని గృహస్థుడు, ఏబదియేండ్లు దాటినవాడు, తుమ్మలపల్లె వంటి ఊరిలో తొలిసారిగా చాప చంకబెట్టుకొని బడియావరణమునకు పోవలెనన్నచో ఏ మనస్సుతో పోవలెను? వైష్ణవ గృహములందు ఈ ప్రశ్న మరింత లోతునకు పోవును. నడుము వంగునా యన్నది మొదటి సందేహము. శ్రీనివాసుని పాదములే దిక్కని నమ్మినవానికి ఈ సాధనతో పనియేమి యన్నది రెండవది. మొదటిదానికి నెమ్మదిగా సమాధానము దొరకును. రెండవదానిని ముందుగా విచారింపవలసియున్నది, ఏలయన దానిని తీర్చుకొనక పోయినవాడు సగము మనస్సుతోనే పోవును.

శ్రీవైష్ణవ సంప్రదాయమునకు యోగము పరాయిది కాదు. నమ్మాళ్వారులు కురుకాపురియందలి చింతచెట్టు క్రింద పదునారేండ్లు యోగనిష్ఠలో కూర్చుండిరని గురుపరంపర చెప్పుచున్నది. ఆ ఆళ్వారులను యోగదృష్టితో దర్శించియే నాథమునులు దివ్యప్రబంధమును తిరిగి లోకమునకు తెచ్చిరి. వారికిద్దరు ముఖ్యశిష్యులు. తాము నేర్చిన యోగమును గ్రహింతువాయని నాథమునులు అడుగగా, ఉయ్యక్కొండారు ఒప్పుకొనలేదు. ఇంట శవము పడియుండగా పెండ్లివేడుక చేసికొనువారుందురా యని ఆయన సమాధానము. సంసారమున జీవులింతమంది అలమటించుచుండగా తానొక్కడు యోగానందము ననుభవించుట తగదని దాని తాత్పర్యము. ఆ విద్య రెండవ శిష్యులైన కురుకైక్కావలప్పన్‌గారికి చేరెను.

తరువాతి కథ మరింత మనస్సును పట్టునది. నాథమునుల పౌత్రులు ఆళవందారులు ఆ యోగరహస్యమును కోరి కావలప్పన్‌గారిని ఆశ్రయించిరి. ఆయన ఒక దినమును నిర్ణయించి, తాము శరీరము చాలించునది ఆనాడే కనుక ఆలోగా వచ్చి నేర్చుకొమ్మని సెలవిచ్చిరి. ఆళవందారులు అనంతపద్మనాభుని సేవింప తిరువనంతపురమునకు పోయియుండగా ఆ దినము వచ్చిపడెను. తిరిగి చేరుటకు వ్యవధి లేదు. ఆ విద్య వారికి దక్కలేదు. అయినను సంప్రదాయము కృంగలేదు. భగవద్రామానుజులు వచ్చిరి, శరణాగతి మార్గము ఇంటింటికి చేరెను. యోగరహస్యము దొరకనందున ఏ శ్రీవైష్ణవునకును మోక్షము తప్పిపోయినదని ఆచార్యులెవరును చెప్పలేదు.

ఈ కథనుబట్టి గృహస్థునకు ఒక స్పష్టత కలుగును. అతడు యోగతరగతికి పోవుట మోక్షోపాయమును వెదకుకొనుటకు కాదు. ఆ భారమును స్వామిపై ఎన్నడో విడిచినాడు. ఇక శరీరమెవరిది? విశిష్టాద్వైతమున జీవుడు భగవంతునకు శేషభూతుడు, అనగా ఆయన సొత్తు, ఆయన వినియోగమునకు ఉన్నవాడు. జీవుడే స్వామి సొత్తయినపుడు జీవునకీయబడిన దేహము వేరెవరి సొత్తగును? దేవాలయమున దీపపుకుందెను తోమి పెట్టువాడు ఆ కుందెకు యజమాని కాడు. అయినను దానికి చిలుము పట్టనీయడు. మోకాళ్ళును వెన్నును ఊపిరియు ఆ కుందెవంటివి. ప్రదక్షిణమునకు మోకాళ్ళు కావలెను. సాష్టాంగమునకు నడుము కావలెను. నామసంకీర్తనమునకు ఊపిరి కావలెను. వీనిని బాగుగా నుంచుకొనుట కైంకర్యములో చేరును.

సంప్రదాయమునకు లోనైయుండియే యోగమును లోకమునకు నేర్పిన మహనీయులొకరు ఇటీవలి శతాబ్దముననే ఉండిరి. తిరుమలై కృష్ణమాచార్యులవారు 1888లో చిత్రదుర్గప్రాంతపు ముచుకుందపురమున శ్రీవైష్ణవ కుటుంబమున జన్మించిరి. తమ వంశము నాథమునులదని వారి విశ్వాసము. మైసూరు పరకాలమఠమున శాస్త్రములు చదివిరి. నాలుగవ కృష్ణరాజ ఒడయరుగారి ఆదరమున 1933 నుండి మైసూరు జగన్మోహన ప్రాసాదమున యోగశాలను నడపిరి. తమ బాల్యమున ఆళ్వార్ తిరునగరియందు నాథమునుల యోగరహస్యము తమకు దర్శనమున లభించినదని వారు చెప్పెడివారు. 1989లో నూరేండ్ల వయస్సున మద్రాసులో పరమపదించిరి. నేడు దేశవిదేశములందు నేర్పబడుచున్న ఆసనపద్ధతులలో పెక్కు వారి శిష్యులవలన వ్యాపించినవే. వారి పరిణత బోధనలో ముఖ్యమైనది ఏమనగా, సాధన మనిషికి తగినట్లుండవలెను గాని మనిషిని సాధనకు తగినట్లు విరువరాదు. బాలునకు చెప్పినది వృద్ధునకు చెప్పరు. గర్భిణికి చెప్పినది మల్లునకు చెప్పరు. తొలినాటి విద్యార్థి దీనిని ముడివేసి కొంగున కట్టుకొని పోవలసియున్నది.

పతంజలి మహర్షి యోగసూత్రములు 190కి పైబడి యున్నవి. ఆసనమును గురించి వానిలో నున్నవి మూడే. కాలు తలపై బెట్టుటను గూర్చి ఒక్కమాటయు వానిలో లేదు. ఆసనమున స్థైర్యమును సుఖమును రెండును ఉండవలెనని మొదటిది చెప్పును. అట్టి స్థితి ఎట్లు సిద్ధించునో రెండవది చెప్పును. ప్రయత్నమును సడలించుట ఒకటి, మనస్సును అనంతునియందు నిలుపుట రెండవది. అనంతుడనగా ఎవరు? అంతములేని ఆకాశాదులని కొందరు వ్యాఖ్యానించిరి. భూమండలమును వేయిపడగలపై కదలక మోయుచున్న నాగరాజని వాచస్పతిమిశ్రులు వ్రాసిరి. వైష్ణవునకు ఈ రెండవ అర్థము వినగానే ఒడలు పులకరించును. పతంజలి శేషాంశసంభూతుడని ప్రసిద్ధి గదా!

ఆ శేషుడెట్టివాడు? స్వామి కదలినచో గొడుగు, కూర్చుండినచో సింహాసనము, నిలిచినచో పాదుక, శయనించినచో పాన్పు. అనగా శేషుడే స్వామికి ఆసనము. లోకమంతటిని మోయువాడు స్వామికి మెత్తని పాన్పు కూడ అగుచున్నాడు. దృఢత్వమును మృదుత్వమును ఒక్కచోట నుండునని ఆ మూర్తి చూపుచున్నది. బిగుసుకొని పండ్లు కొరుకుచు నిలిచినవానియందు స్థైర్యమున్నను సుఖములేదు. ఒరిగి జారబడినవానియందు సుఖమున్నను స్థైర్యములేదు. తొలిదినమున విద్యార్థి తాడాసనమున నిలువబడినపుడు, అనగా ఊరక రెండుకాళ్ళపై తిన్నగా నిలిచినపుడు, ఈ రెండింటిని తనలో వెదకుకొనవలెను. అరికాళ్ళు నేలను పూర్తిగా తాకుచున్నవా? మోకాళ్ళు బిర్రబిగిసినవా? దవడ బిగిసినదా? ఇది చూచుకొనుటకే ఒక వారము పట్టినను నష్టములేదు.

ఇక తరగతికి పోవు విధానమును చూతము. కడపసీమలోని తాళ్ళపాకలో 1408లో జన్మించిన అన్నమాచార్యులవారి కథను ఇందుకు తలచికొనవచ్చును. బాలుడై ఇల్లువిడిచి తిరుమలకు బయలుదేరిన అన్నమయ్య మోకాళ్ళపర్వతమున చెప్పులతో ఎక్కజాలక, ఆకలితో సొమ్మసిల్లి వెదురుపొదనీడను పడిపోయెననియు, అలమేలుమంగమ్మ ముత్తైదువరూపమున వచ్చి, ఈ కొండ సాలగ్రామమయము, చెప్పులు విడిచి ఎక్కుమని చెప్పి ప్రసాదము పెట్టెననియు మనుమడు చిన్నన్న రచించిన చరిత్రవలన తెలియుచున్నది. అమ్మ చెప్పులను మాత్రమే తీసివేయించి ఊరకుండలేదు, అన్నము పెట్టినది. ఎక్కలేకపోవుటకు అజ్ఞానమెంత కారణమో ఆకలియు అంత కారణమని ఆమెకు తెలియును. యోగతరగతికి చెప్పులు విడిచి పోవుట అందరెరిగినదే. ఆకలి సంగతి మరచువారే ఎక్కువ.

నిండుకడుపుతో ఆసనములు వేయరాదు. భోజనమైన పిదప మూడు నాలుగు గంటలు గడువవలెను. అందుచేతనే సూర్యోదయవేళ శ్రేష్ఠము. వేసవిలో ఈ సీమ ఎండ నలువది డిగ్రీలు దాటును గనుక మరియొక వేళ యోచింపనే అక్కరలేదు. కాని నిండుకడుపు తగదన్నంతమాత్రమున శోషించిన దేహముతో పోవచ్చునని అర్థము కాదు. ఏకాదశినాడు శుద్ధోపవాసముండువారు ఆనాడు కఠినమైన ఆసనములు మానుట మేలు. ద్వాదశి పారణయైన మరునాటినుండి తిరిగి మొదలిడవచ్చును. చక్కెరవ్యాధికి మందులు వాడువారు వైద్యుని అడుగక ఉపవాసమును వ్యాయామమును కలుపరాదు. గనిలో రాత్రి షిఫ్టు ముగించి నిదురలేక వచ్చినవాడు ఆ పూట నిద్రించుటయే యోగము. అతిగా తినువానికిని, అసలు తిననివానికిని, అతిగా నిద్రించువానికిని, నిద్రమానినవానికిని యోగము కుదురదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున చెప్పిన మాట ఈ సంగతులకు సరిగా వర్తించును.

తరగతిలో అడుగిడగానే గురువునకు తన దేహస్థితిని దాచక చెప్పవలెను. రక్తపుపోటు, గుండెజబ్బు, గ్లాకోమా యను కంటిజబ్బు గలవారు తల క్రిందుగా నుంచు ఆసనములను, ఊపిరి బిగబట్టుటను వైద్యుని అనుమతిలేక చేయరాదు. గర్భిణులును, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారును మొదటిమాటగా ఆ విషయమే చెప్పవలెను. పల్లెలలో స్త్రీలు ఇట్టివి నలుగురిలో చెప్పుటకు బిడియపడుదురు. ముందుగా వచ్చి గురువుతో ప్రత్యేకముగా చెప్పికొనవచ్చును. చెప్పినను పెడచెవిని పెట్టి అందరితో సమానముగా వంగుమను గురువు దొరికినచో, నమస్కరించి ఇంటికి వచ్చుటలో అపచారమేమియు లేదు.

తుమ్మలపల్లె ప్రాంతపు దేహములకు ఒక ప్రత్యేకత గలదు. పట్టణమున కుర్చీలో కూర్చుండువాని నడుము వంగక బిగిసినది. వేరుశనగ పెరుకుచు, కలుపు తీయుచు దినమంతయు వంగియుండు స్త్రీ నడుము వంగి వంగి అలసినది. ఇద్దరికిని నడుమునొప్పియే. ఇద్దరికి ఒకే వైద్యము పనికిరాదు. ముందుకు వంగు ఆసనమును ఆమెచేత మరల మరల వేయించుట కూలిపని పొడిగించుటయే యగును. వెన్నును మెల్లగా వెనుకకు విచ్చునది, మోకాళ్ళు ముడిచి వెల్లకిల పరుండి నడుమును నేలకానించునది ఆమెకు హితము. ఈ తేడా గురువునకు తోచకపోవచ్చును. తన దేహమును గమనించుకొను శిష్యురాలికి తప్పక తోచును, అది ఆమె అడిగి తెలిసికొనవలసిన విషయము.

గమనించుట యెట్లని అడుగవచ్చును. వైష్ణవునకు అది క్రొత్తగా నేర్పనక్కరలేదు. ద్వాదశోర్ధ్వపుండ్రములు ధరించువాడు ప్రతిదినము తన దేహమున పన్నెండుచోట్ల పన్నెండు నామములతో స్వామిని నిలుపుచున్నాడు. నుదుట కేశవుడు, ఉదరమున నారాయణుడు, వక్షమున మాధవుడు, కంఠమున గోవిందుడు, ఉదరపు కుడిప్రక్కను, కుడిభుజమున, కుడిమెడయందు విష్ణు మధుసూదన త్రివిక్రములు, ఎడమవైపు అవేచోట్ల వామన శ్రీధర హృషీకేశులు, నడుము వెనుక పద్మనాభుడు, మెడవెనుక దామోదరుడు. ఆసనమున నిలిచి ఈ క్రమముననే మనస్సును ఒక్కొక్కచోటికి పంపి చూచినచో దేహమంతయు ఒక మారు పరిశీలించినట్లగును. నడుమున పోటు కలిగినచో అది పద్మనాభుని స్థానమని గుర్తు వచ్చును. అచ్చట బలాత్కారము చేయ బుద్ధిపుట్టదు. కండరము సాగునప్పటి లాగుడు వేరు, కీలున సూదిగ్రుచ్చినట్టి పోటు వేరు. మొదటిది సహింపదగినది. రెండవది కలుగగానే విరమింపవలెను. పుండ్రములు పెట్టుకొను అలవాటు లేనివారును, స్త్రీలును నామములను మనస్సులో తలచికొన్నను ఇదే ఫలము.

ప్రక్కవానిని చూచుట తొలినాటి విద్యార్థికి పెద్దశత్రువు. పాతికేండ్ల కుర్రవాడు పాదములను పట్టుకొనుచుండగా తన చేతులు మోకాళ్ళకడనే ఆగినవని చిన్నబోవువారు కలరు. కృష్ణమాచార్యులవారి బావమరది బెళ్ళూరు కృష్ణమాచారి సుందరరాజ అయ్యంగారు, లోకము బి.కె.ఎస్. అయ్యంగారు అని పిలుచునాయన, 1934లో మైసూరున అభ్యాసమునకు వచ్చినపుడు క్షయ మొదలగు వ్యాధులతో కృశించిన పదునైదేండ్ల బాలుడు. ముందుకు వంగినచో ఆయన చేతివ్రేళ్ళు మోకాళ్ళను దాటెడివి కావట. ఆ కాలముననే సిద్ధముకాని దేహముతో హనుమదాసనమును ఇతరులయెదుట ప్రదర్శింపబోయి తొడ కండరములు చీలి చాలకాలము బాధపడితినని ఆయనయే చెప్పికొనిరి. తరువాతి కాలమున చెక్కదిమ్మలు, పట్టీలు, కుర్చీలు ఆధారముగా నుంచి ముసలివారికిని రోగులకును ఆసనములు సాధ్యము చేసినవారాయనయే. 2014లో పరమపదించునాటికి ఆయన పద్ధతి ఖండఖండాంతరముల వ్యాపించినది. గోడను పట్టుకొని నిలుచుటకు, చాపక్రింద మడిచిన దుప్పటి నుంచుకొనుటకు సిగ్గుపడువారు ఈ సంగతి నెరుగుట మంచిది.

హనుమంతుని పేరు వచ్చినది గనుక గండిక్షేత్రమును తలవక తప్పదు. తుమ్మలపల్లెవారికి వేంపల్లె మీదుగా అది దూరము కాదు. కొండను చీల్చుకొని పాపఘ్నినది పారుచోట వీరాంజనేయస్వామి వెలసియున్నారు. శ్రావణ శనివారములందు అచ్చట ఇసుక వేసినచో రాలదు. అది వాయుదేవుడు తపస్సు చేసిన స్థలమనియు, లంకనుండి తిరిగివచ్చు శ్రీరామునకు ఆయన బంగారుతోరణము కట్టి స్వాగతమిచ్చెననియు, రాముడు బాణపుమొనతో రాతిపై ఆంజనేయుని రూపము గీచెననియు స్థలపురాణము. వాయువు ప్రాణరూపుడు. నీరు కొండను చీల్చినది ఒక్కదినమున కాదు. ఊపిరి విషయమున తొందరపడువారు ఆ గండిలో నిలిచి ఒక్కసారి పైకి చూడవలెను.

తొలినాళ్ళలో ఊపిరిని బంధింపరాదు. ముక్కుతోనే పీల్చి ముక్కుతోనే విడుచుట, విడుచుటను పీల్చుటకంటె కొంచెము దీర్ఘముగా నుంచుట, ఇంతమాత్రము చాలును. చేతులు పైకెత్తునపుడు పీల్చుట, వంగునపుడు విడుచుట సహజక్రమము. ఊపిరి ఎగబ్రాకినచో, లేదా ఆసనమునందుండగా ఆగిపోయినచో, శక్తికి మించి చేయుచున్నాడని గుర్తు. ఇంతకన్న నమ్మకమైన కొలత వేరొకటి లేదు. సంధ్యావందనము చేయు ఇండ్లలో ప్రాణాయామము దినచర్యయే. అది రెండు నిమిషములలో ముక్కు తాకి విడుచు లాంఛనమైపోయినది. యోగతరగతికి పోయి వచ్చిన గృహస్థుడు మరునాటి సంధ్యలో ఆ రెండు నిమిషములను నిజముగా ఊపిరితో నింపగలిగినచో, చాప కొన్న ధనము వ్యర్థము కాలేదనవచ్చును.

తరగతి చివర వెల్లకిల పరుండు స్థితికి శవాసనమని పేరు. ఆ పేరు పలుకుటకు ఇష్టపడని పెద్దలున్నారు. శేషశాయిని తలచికొని శయనమని పిలుచుకొన్నను ఆసనమునకు లోపము రాదు. చేతులు ప్రక్కలకు విడిచి, కన్నులు మూసి, దేహభారమంతయు నేలకప్పగింపవలెను. పొలముపని గుర్తువచ్చి లేచిపోవువారు ఇక్కడనే ఎక్కువ. ఐదునిమిషములు ఆగుడని వారిని బ్రతిమాలవలసి యుండును. ఈ సీమవాసులు నేలపై పరుండుటయన్నచో శేషాద్రి పాదమున పరుండుటయే గదా! లేచునపుడు ఒక్కుమ్మడిగా లేవరాదు. మోకాళ్ళు ముడిచి, కుడిప్రక్కకు ఒత్తిగిలి, కొంతసేపు అట్లే యుండి, ఎడమచేతిని నేలకానించి, తల చివరకు లేచునట్లుగా మెల్లగా కూర్చుండవలెను. అటుపిమ్మట చేతులు జోడించి, ఎవరి ఇంటి ఆచారము ననుసరించి వారు స్వామినామము చెప్పికొని, చాప చుట్టుకొందురు.